టెస్ట్ మెషిన్‌లో మా ఊరు లేదు

కొంచెం పెద్ద పోస్టే ఇది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన నెల మన గ్రూపులో డిగ్రీ ఫైనలియర్ తమ్ముడు ఒకతను అడిగాడు. "అన్నా, టెస్టింగ్ అంటే బటన్లు నొక్కి చూడడమే కదా? దానికి అన్ని సర్వర్లు, అంతమంది ఎందుకు? రేపు ఏఐ వస్తే ఆ పని కూడా ఉండదంట కదా?" దాని కింద చాలామంది చాలా రాశారు. మేం అప్పుడు ఏమీ రాయలేదు. రెండు లైన్లలో చెప్పే విషయం కాదది. ఇంకో కారణం కూడా ఉంది. ఈ పనిలో మేం చేసిన ఒక తప్పు గురించి చెప్పకుండా ఆ తమ్ముడికి నిజాయితీగా జవాబు చెప్పలేం. ఆ తప్పు వల్ల నష్టపోయింది మనవాళ్లే. అందుకే రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

మేం అంటే ముగ్గురం. ఒకరిది ఉట్నూరు వైపు గోండు గూడెం. ఒకరిది చర్ల మండలంలో కోయ ఇల్లు. ఇంకొకరిది పాడేరు అవతల కొండ మీద ఊరు. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివినోళ్లమే. అమీర్‌పేటలో ఒకే కోచింగ్‌లో కలిశాం, తర్వాత ఒకే కంపెనీలో టెస్టర్లుగా చేరాం. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు.

మేం చేరినప్పుడు అది చాలా చిన్న ప్రాజెక్టు. రెండు రాష్ట్రాల్లో పిల్లలకు ఉచితంగా కంప్యూటర్ శిక్షణ ఇచ్చే ఒక సంస్థ కోసం ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం చేస్తున్నారు. ఒక పేజీ, ఒక సర్వర్, ఒక డేటాబేస్. మా దగ్గర ఎక్సెల్ షీట్‌లో 60 టెస్ట్ కేసులు ఉండేవి. పేరు ఖాళీగా వదిలేస్తే ఎర్ర గీత రావాలి. ఫోన్ నంబరు 9 అంకెలే కొడితే తీసుకోకూడదు. ఇట్లాంటివి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అన్నీ చేత్తో కొట్టి చూసి, పక్కన పాస్, ఫెయిల్ అని రాసేవాళ్లం. తమ్ముడు చెప్పిన బటన్లు నొక్కడం అదే. అప్పటికి అది సరిపోయింది కూడా.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటారు కదా. ఇంట్లో చిన్న గిన్నెకు అది నిజమే. మన హాస్టల్ వంటగది గుర్తు తెచ్చుకోండి. 400 మందికి వండే గుండిగలో మెతుకు ఒక చోట ఉడికి ఉంటుంది, ఇంకో చోట బియ్యంగానే ఉంటుంది, అడుగున మాడిపోయి ఉంటుంది. వంట అక్క గరిట అడుగుదాకా దింపి, మూడు నాలుగు చోట్ల తీసి చూసేది. గుండిగ పెద్దదైన కొద్దీ చూసే పద్ధతి కూడా మారాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేం ఇన్నేళ్లూ నేర్చుకున్నది చాలావరకు ఇదే.

60 కేసులు కాస్తా 300 అయ్యాయి. ముందు నెలకొక వెర్షన్ వచ్చేది, తర్వాత వారానికొకటి, తర్వాత రోజుకు రెండు. ప్రతిసారీ 300 కేసులు చేత్తో కొట్టడం మనుషుల వల్ల కాదు. అప్పుడు ఆటోమేషన్ మొదలుపెట్టాం. అంటే మనం కొట్టే బటన్లను మన బదులు ఒక ప్రోగ్రామే కొడుతుంది.

ఈ బాధ మాకు కొత్త కానీ లోకానికి పాతదే. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో పోతూ జేయూనిట్ మొదటి రూపం రాశారు. కోడ్‌ను పరీక్షించే కోడ్ అది. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్‌లో పనిచేసే జేసన్ హగ్గిన్స్, మనిషి బదులు బ్రౌజర్‌ను నడిపే సెలీనియం చేశాడు. ఆ పేరు వెనక ఒక జోకు ఉంది. అప్పట్లో ఈ రంగంలో పెద్ద కంపెనీ పేరు మెర్క్యురీ, అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని ఆ పేరు పెట్టారు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కోసుకే కవాగుచి రాసిన హడ్సన్, ఎవరైనా కొత్త కోడ్ పెట్టగానే టెస్టులన్నీ తానే నడిపేది. 2011లో అదే జెంకిన్స్ అయింది. అమీర్‌పేట గోడల మీద కోర్సు బోర్డుల్లో మీరు చూసే పేర్లు ఇవే.

మా మొదటి ఆటోమేషన్ ఎన్విరాన్‌మెంట్ అంటే గది మూలన ఉన్న ఒక పాత డెస్క్‌టాప్. "దయచేసి ప్లగ్ తీయవద్దు" అని కాగితం అంటించాం. అయినా ఒకరోజు ఎవరో ఫోన్ చార్జింగ్ కోసం తీసేశారు. రాత్రి నడవాల్సిన టెస్టులన్నీ ఫెయిల్. పొద్దున డెవలపర్లు మధ్యాహ్నం దాకా కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నారు. నవ్వు వచ్చే సంగతే గానీ మాకు మొదటి పాఠం అదే. టెస్ట్ ఫెయిల్ అయితే తప్పు కోడ్‌లోనే ఉందని కాదు. టెస్ట్ ఎక్కడ నడుస్తోంది, ఏ మెషిన్, ఏ బ్రౌజర్, డేటాబేస్‌లో ఏముంది, నెట్ ఎంత వేగం, చుట్టూ ఏ సర్వర్లు ఉన్నాయి, ఇదంతా కలిపితేనే ఎన్విరాన్‌మెంట్. ఒకే విత్తనం రేగడిలో ఒక తీరుగా, చెలకలో ఇంకో తీరుగా మొలుస్తుంది కదా, అట్లా.

టెస్టులు 900 అయ్యేసరికి ఒక్క మెషిన్ మీద 5 గంటలు పట్టేది. నాలుగు మెషిన్లు పెట్టి పంచాం. వేగం పెరిగింది, కొత్త తలనొప్పి మొదలైంది. నాలుగూ ఒకే డేటాబేస్ వాడుతున్నాయి. ఒక టెస్ట్ "రాము దరఖాస్తును తీసేయి" అంటుంది. అదే నిమిషంలో ఇంకో టెస్ట్ "రాము దరఖాస్తు కనిపించాలి" అంటుంది. రెండూ సరైన టెస్టులే, ఒకదాన్ని ఇంకొకటి చంపుకుంటున్నాయి. అప్పుడు ప్రతి టెస్టూ తన డేటా తానే పుట్టించుకుని, పని అయ్యాక తానే ఊడ్చుకుని పోయేలా మార్చాం. చెప్పడానికి ఒక వాక్యమే. మాకు మూడు నెలలు పట్టింది.

తర్వాత అందరికీ తెలిసిన గొడవ: "నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది కదా!" డెవలపర్ దగ్గర ఒక వెర్షన్, మా దగ్గర ఒకటి, అసలు సర్వర్‌లో ఇంకొకటి. 2013లో వచ్చిన డాకర్ ఈ గొడవను చాలావరకు తగ్గించింది. ఊరి నుంచి హాస్టల్‌కు వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే సద్ది మూటలో అన్నం, పచ్చడి, ఉప్పు, ఉల్లిగడ్డ అన్నీ ఉంటాయి. ఎక్కడ విప్పినా అదే రుచి. డాకర్ కూడా ప్రోగ్రామ్‌ను, దానికి కావలసిన సరంజామాను కలిపి ఒకే మూటగా కడుతుంది. ఎన్విరాన్‌మెంట్ ఎట్లా ఉండాలో ఒక ఫైల్లో రాసి పెడితే, కొద్ది నిమిషాల్లో లేస్తుంది, పని అయ్యాక పోతుంది. మూలన ఉన్న పాత డెస్క్‌టాప్‌కు సెలవిచ్చేశాం.

ఇంతవరకు కథ బాగానే ఉంది. అసలు కష్టం సిస్టమ్ ముక్కలైనప్పుడు మొదలైంది.

ఒక్క ఫారంగా ఉన్నది ఆరు సర్వీసులు అయింది. లాగిన్ ఒకటి, దరఖాస్తు ఒకటి, సర్టిఫికెట్ల అప్‌లోడ్ ఒకటి, బ్యాంకు ఖాతా సరిచూసేది ఒకటి, ఓటీపీ పంపేది ఒకటి, జాబితా తీసేది ఒకటి. ఒక్కొక్కటి ఒక్కో టీమ్ చేతిలో. ఎవరి ముక్క వాళ్ల దగ్గర టెస్టులన్నీ పాస్. కలిపితే ఫెయిల్. ఒకసారి ఒక టీమ్ తేదీని రోజు-నెల-ఏడాది అని పంపింది, అవతలి టీమ్ నెల-రోజు-ఏడాది అని చదివింది. 12వ తేదీ దాకా ఎవరికీ తెలియలేదు. 13న మొత్తం ఆగిపోయింది. అప్పటి నుంచి రెండు సర్వీసుల మధ్య ఒప్పందం రాసుకుని, ఎవరు దాన్ని తప్పినా వెంటనే పట్టుకునే టెస్టులు పెట్టాం. వీటిని కాంట్రాక్ట్ టెస్టులు అంటారు.

ఇంకో చిక్కు ఏంటంటే, బ్యాంకు సర్వర్‌ను, ఓటీపీ సర్వర్‌ను మన టెస్టుల కోసం రోజుకు వేలసార్లు పిలవనివ్వరు. అందుకని వాటి బదులు ఉత్తుత్తి సర్వర్లు పెడతారు. మేం వాటిని డూప్‌లు అనేవాళ్లం, సినిమాలో హీరో బదులు దూకేవాళ్ల లాగా. కానీ మా డూప్‌లకు ఒక గుణం ఉంది. అవి ఎప్పుడూ అలసిపోవు. ఎప్పుడు అడిగినా కళ్లు మూసి తెరిచేలోపు "ఓకే" అంటాయి. అసలు సర్వర్ అట్లా ఉండదని మనకు తెలుసు. తెలిసినా, రోజూ పచ్చగా పాస్ అని చూసేసరికి మరిచిపోతాం.

దీనికి లోకంలో చాలా పెద్ద ఉదాహరణ ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్‌వాళ్లు ఏరియాన్ 5 రాకెట్‌ను మొదటిసారి పంపారు. దాదాపు 40 సెకన్లకే అది దారి తప్పి గాల్లోనే పేలిపోయింది. రాకెట్ ఎటు పోతోందో లెక్కగట్టే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను పాత ఏరియాన్ 4 నుంచి తీసుకున్నారు. కొత్త రాకెట్ పక్కకు కదిలే వేగం చాలా ఎక్కువ. ఆ అంకె, దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు. మరి ముందే టెస్ట్ చేయలేదా? చేశారు. కానీ మొత్తం రాకెట్‌ను కలిపి చేసిన పరీక్షల్లో ఆ పరికరం అసలుది పెట్టలేదు, దాని బదులు డూప్ పెట్టారు. ఏరియాన్ 4లో బాగానే పనిచేసింది కదా అన్న ధీమా. విచారణ కమిటీ నివేదికలో ఈ సంగతి స్పష్టంగా రాశారు. పాత దారికి సరిపోయిన సాఫ్ట్‌వేర్‌ను కొత్త దారిలో ఎవరూ నడిపి చూడలేదు.

ఇది చదివి "అంత పెద్దోళ్లు ఇంత చిన్న తప్పు ఎట్లా చేశారు" అనుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలకే మేమూ చేశాం.

టెస్టుల్లో ఫ్లేకీ టెస్ట్ అని ఒక రకం ఉంది. కోడ్ మారదు, ఏమీ మారదు, అయినా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. సిస్టమ్ పెద్దదైన కొద్దీ ఇవి పెరుగుతాయి. 2016లో గూగుల్ ఇంజినీర్లు రాసిన దాని ప్రకారం, వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. రోజూ అబద్ధం చెప్పే మనిషి మాట ఎవరూ వినరు కదా, ఫ్లేకీ టెస్ట్ ఫెయిల్ అయితే కూడా అంతే. "మళ్లీ నడుపు, పాస్ అవుతుందిలే" అంటారు.

మా దగ్గర అట్లాంటి టెస్ట్ ఒకటి ఉండేది. దరఖాస్తు నింపి, కుల ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేసి, సబ్మిట్ కొడితే "పూర్తయింది" అని రావాలి. ఇరవైసార్లలో ఒకసారి ఫెయిల్ అయ్యేది. అది కూడా మెషిన్ మీద బరువు ఎక్కువైన రాత్రుల్లోనే. రెండు రోజులు చూశాం, కారణం దొరకలేదు. రిలీజ్ దగ్గర పడింది. పైనుంచి ఒత్తిడి. మేం ముగ్గురమే కూర్చుని, ఆ టెస్టును స్కిప్ లిస్టులో పెట్టాం. పక్కన "మెషిన్ స్లో వల్ల, కోడ్ సమస్య కాదు" అని రాశాం. ఆ లైన్ ఇప్పటికీ మాకు అక్షరం అక్షరం గుర్తుంది.

దరఖాస్తుల గడువు అయిపోయిన వారానికి, మాలో ఉట్నూరు వైపు వాడికి మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల గూడెంలో సిగ్నల్ ఉండదు, గుట్ట ఎక్కితే రెండు గీతలు వస్తాయి. ఆ గుట్ట మీద కూర్చునే దరఖాస్తు నింపాడు. సబ్మిట్ కొట్టాక గుండ్రంగా తిరుగుతూనే ఉందంట. కాసేపటికి అదే మళ్లీ ప్రయత్నించి, "మీ దరఖాస్తు ఇప్పటికే నమోదైంది" అని చూపించింది. సంతోషంగా ఇంటికి పోయాడు. జాబితా వచ్చాక చూస్తే పేరు లేదు. పక్కన "అసంపూర్ణం" అని ఉంది.

"బావా, నేను రెండుసార్లు నొక్కిన్నా ఏమో. తప్పు నాదేనా?" అని అడిగాడు.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. సర్వర్‌లో లాగ్‌లు తీసి చూశాం. జరిగింది ఇది. సబ్మిట్ కొట్టగానే దరఖాస్తు ముందు నమోదవుతుంది, ఆ తర్వాత సర్టిఫికెట్ ఫొటో ఎక్కుతుంది. నెట్ నెమ్మదిగా ఉంటే ఫొటో సగంలో తెగిపోతుంది. 30 సెకన్లకు జవాబు రాకపోతే ఫోన్‌లోని యాప్ తానే మళ్లీ పంపుతుంది. రెండోసారి సర్వర్ చూస్తే అదే పేరుతో దరఖాస్తు ఉంది. "ఇప్పటికే నమోదైంది" అని వెనక్కి పంపేస్తుంది. ఫొటో ఎప్పటికీ ఎక్కదు. పిల్లాడికి పూర్తయినట్టే కనిపిస్తుంది, సర్వర్‌కు అది సగం కాగితం.

అట్లా ఆగిపోయినవి ఒకటీ రెండూ కాదు, వందకు పైగా ఉన్నాయి. అడ్రసులు చదువుతుంటే మాకు చేతులు ఆడలేదు. తిర్యాణి, నార్నూర్, చర్ల, జి.మాడుగుల, ముంచంగిపుట్టు. హైదరాబాద్ నుంచి ఒక్కటి కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, స్కిప్ లిస్టులో మేం పెట్టిన టెస్ట్. అది చెబుతూ వచ్చింది ఇదే. మా ఆఫీసులో నెట్ ఎప్పుడూ వేగమే కాబట్టి మామూలుగా తప్పు బయటపడేది కాదు. బరువు ఎక్కువైన రాత్రి మెషిన్ నెమ్మదించి, జవాబు 30 సెకన్లు దాటేది. అంటే ఆ రాత్రుల్లో, ఎవరూ అనుకోకుండానే, మా టెస్ట్ మెషిన్ మా ఊరు అయ్యేది. 20లో ఒకసారి అది నిజం చెబుతుంటే, మేమే దాని నోరు మూయించాం. వేరేవాళ్లు చేశారంటే "వాళ్లకు మన ఊళ్లు ఏం తెలుసు" అనేవాళ్లం. గుట్ట ఎక్కి సిగ్నల్ వెతుక్కున్న మేమే చేశాం. ఆఫీసులో కూర్చున్నప్పుడు మాకూ మా ఊరు గుర్తు రాలేదు.

పొద్దున లీడ్ దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాం. తిట్లు పడ్డాయి, పడాల్సినవే. సంస్థవాళ్లకు కంపెనీ చెప్పింది. కొందరికి తర్వాతి బ్యాచ్‌లో చోటిచ్చారు. మేనమామ కొడుకు అప్పటికే పత్తి ఏరే పనికి ఒప్పుకుని పోయాడు. ఫోన్ చేసి "కాదు బామ్మర్దీ, తప్పు నీది కాదు, మాది" అని చెప్పాం. సరేలే బావా అన్నాడు. అంతకంటే ఏమంటాడు?

కోడ్‌లో దిద్దుబాటు చిన్నదే. ప్రతి దరఖాస్తుకు ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబరు పుడుతుంది. అదే నంబరుతో రెండోసారి వస్తే సర్వర్ దాన్ని కొత్తదని తిప్పికొట్టదు, ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ఒక డెవలపర్ రెండు రోజుల్లో రాశాడు. పెద్ద పని ఎన్విరాన్‌మెంట్ మార్చడం. అది మేం అడిగి తీసుకున్నాం.

మొదట నెట్‌వర్క్. లైనక్స్‌లో నెట్ఎమ్ అనే సదుపాయం ఉంది. దానితో నెట్‌ను కావాలని నెమ్మది చేయొచ్చు, మధ్యమధ్యలో తెంపొచ్చు. క్రోమ్ బ్రౌజర్‌లో కూడా నెమ్మది నెట్‌ను అనుకరించే ఆప్షన్ ఉంది, మీరు ఈ రోజే తెరిచి చూడొచ్చు. ముఖ్యమైన టెస్టులన్నీ ఇప్పుడు రెండుసార్లు నడుస్తాయి, ఒకసారి ఆఫీసు నెట్‌తో, ఒకసారి "గుట్ట నెట్"తో. ఆ పేరు మేమే పెట్టాం. ఇప్పుడు టీమ్‌లో అందరూ అదే పేరు వాడుతున్నారు. డూప్ సర్వర్లకు కూడా బద్ధకం నేర్పాం. అప్పుడప్పుడు ఆలస్యంగా జవాబిస్తాయి, అప్పుడప్పుడు అసలు ఇవ్వవు.

తర్వాత డేటా. మా టెస్ట్ డేటాలో పేర్లన్నీ రాము, సీత, టెస్ట్ యూజర్ 1. మన పేర్లు అట్లా ఉంటాయా? కుమ్ర అని ఒక కాగితంలో, కుమ్రం అని ఇంకోదాంట్లో, కొమరం అని బ్యాంకు పుస్తకంలో ఉంటుంది. భీం పేరు మీద ఉన్న జిల్లా పేరునే ఎన్ని రకాలుగా రాస్తున్నారో మీకు తెలుసు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఇంకో గొడవ. పుట్టినరోజు తెలియక బళ్లో జనవరి 1 అని రాయించుకున్నవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది! ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరిని సిస్టమ్ ఒకే మనిషి అనుకుంటే? డోర్ నంబరు లేని అడ్రసు ఇస్తే? ఇవన్నీ టెస్టులుగా రాశాం. రాసిన మొదటి వారంలోనే చాలా చోట్ల సిస్టమ్ తడబడింది.

లిపి సంగతి ఇంకా లోతైనది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు, తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. లక్ష్మి అనే పేరు మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు అది 7 గుర్తులు, 21 బైట్లు. పేరుకు 50 బైట్లు చాలులే అనుకున్నవాళ్లు తెలుగు పేర్లను సగంలో కోసేస్తారు. మరి మన గోండి? మసరాం గోండి లిపి 2017లో, నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. వాటి అక్షరానికి 4 బైట్లు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత యూటీఎఫ్8 అనే అమరికలో అక్షరానికి 3 బైట్లే పడతాయి. అంటే పాత అమరికతో ఉన్న ఏ సిస్టమ్‌లోనైనా గోండి లిపిలో పేరు రాస్తే అది చేరదు. ఎవరూ కక్షగట్టి చేసింది కాదు. ఆ అక్షరం ఒక్కసారి కూడా టెస్ట్‌లో కొట్టి చూడలేదు, అంతే. మేం గుంజాల గోండిలో ఒక పేరు కొట్టి చూశాం. ఫెయిల్. అమరిక మార్చారు. ఇప్పుడు పాస్. ఆ పచ్చ గుర్తు చూసి ఆ రోజు ముగ్గురం బయటకు పోయి బిర్యానీ తిన్నాం.

పెద్ద కంపెనీలూ ఈ దారిలోనే పోయాయి. 2015లో ఫేస్‌బుక్ తన ఉద్యోగులకు "2జీ మంగళవారం" పెట్టింది. ఇష్టమైనవాళ్లు మంగళవారం ఒక గంటసేపు 2జీ వేగంతో యాప్ వాడి చూడొచ్చు, ఇండియా లాంటి దేశాల్లో జనం పడే బాధ తెలియాలని. అమెరికాలో ప్రిన్‌విల్ డేటా సెంటర్‌లో ఒక్కో ర్యాకుకు 32 ఫోన్ల చొప్పున అసలు ఫోన్లే పెట్టి టెస్ట్ చేసే ల్యాబ్ కట్టారు. నెట్‌ఫ్లిక్స్ ఇంకో అడుగు వేసింది. కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ నడుస్తున్న అసలు సర్వర్లనే కావాలని ఆపేస్తుంది, మిగతావి తట్టుకుంటాయా లేదా అని. సిస్టమ్ ఒక స్థాయి దాటాక దాని నకలు పూర్తిగా కట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే కొత్త వెర్షన్‌ను ముందు కొద్దిమందికే ఇచ్చి, గమనించి, బాగుంటేనే అందరికీ ఇస్తారు. మేమూ ఇప్పుడు అట్లాగే చేస్తున్నాం. ఆ కొద్దిమందిలో ఏజెన్సీ మండలాలు తప్పకుండా ఉండాలని పట్టుబట్టి రాయించాం.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. బటన్లు నొక్కే పని నిజంగానే తగ్గింది, ఇంకా తగ్గుతుంది. ఏఐ ఇప్పటికే టెస్టులు రాస్తోంది, మేమూ వాడుతున్నాం. అడిగితే నిమిషంలో 50 రాసిస్తుంది. "నెమ్మది నెట్‌కు రాయి" అంటే అదీ రాస్తుంది. కానీ ఆ మాట అనాలని ఎవరికో ఒకరికి తట్టాలి. మాకు తట్టడానికి గుట్ట మీద నుంచి ఒక ఫోన్ రావాల్సి వచ్చింది. కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఈ రంగంలోకి వస్తే టూల్ పేర్లతో ఆగకండి. ఒక ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్, నెట్‌వర్క్ ఎట్లా నడుస్తుంది, డేటాబేస్ ఎట్లా దాచుకుంటుంది, ఇవి గట్టిగా నేర్చుకోండి. టూల్స్ మారతాయి, ఇవి మారవు. దానితోపాటు మీ ఊరిని కూడా ఆఫీసులోకి తెచ్చుకోండి. మేం హాస్టల్ నుంచి వచ్చినోళ్లమని, ఊళ్లో సిగ్నల్ లేదని చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేవాళ్లం. ఆ సిగ్గు కూడా ఆ తప్పులో ఒక భాగమే అని ఇప్పుడు అనిపిస్తుంది.

చివరగా ఒక సాయం. స్కాలర్‌షిప్, అడ్మిషన్, బ్యాంకు, పరీక్ష ఫీజు, ఏ ఫారం అయినా సరే, మీకు ఎక్కడ ఆగిపోయిందో కింద రాయండి. ఏ అక్షరం తీసుకోలేదు, ఏ పేరు సరిపోలేదంది, ఎన్ని గీతల సిగ్నల్‌లో ఏం చూపించింది. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి. జరిగింది చాలు. ముగ్గురం కూర్చుని అన్నీ ఒక జాబితాగా చేసి గ్రూపులోనే పెడతాం. మనలో వేరే కంపెనీల్లో టెస్టింగ్ చేస్తున్నవాళ్లు పాతికమందైనా ఉంటారు, వాళ్లూ తమ దగ్గర నడిపి చూస్తారు.

మొదటిది మేమే రాస్తున్నాం: గుట్ట మీద, రెండు గీతలు, సబ్మిట్ కొట్టాక 30 సెకన్లు.